శమని

వకుళ మెడలో దండ వేస్తుంటే అనసూయ చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది, అందరూ ఆపేశాక కూడా కొట్టింది. పక్క కుర్చీలో ఉన్న డైరెక్టర్ సోమయాజులు గారు తలతిప్పి చూశాక గానీ తన చేతులు ఇంకా ఆడుతున్నాయని ఆమెకు తెలియలేదు.

"మీకు గర్వంగా ఉండాలమ్మా. మీ చేతికింద తయారైన పిల్ల," అన్నారాయన.

"ఎందుకుండదు సార్," అంది అనసూయ.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పేరు అనసూయ అయినంత మాత్రాన సరిపోతుందా అని పరిశోధనాలయంలో ఒక జోకు తిరుగుతూ ఉంటుంది. అది ఆమె చెవిన పడలేదని అందరి నమ్మకం. పడి చాలా కాలమైంది.

భీమిలి రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ పరిశోధనాలయంలో అనసూయ తన వయసంతా గర్భాశయపు వాపు మీదే ఖర్చు పెట్టింది. కాన్పు తర్వాతో, గర్భం పోయిన తర్వాతో, ఒక్కోసారి ఏ కారణమూ తెలియకుండానో గర్భసంచి లోపొర వాచిపోతుంది. మందులిస్తే జ్వరం పోతుంది, నొప్పి తగ్గుతుంది. వాపు మాత్రం నివురు కింద నిప్పులా ఉండిపోతుంది. ఆ పొర మీద పిండం నిలవదు. ఎక్కడో మూల దాక్కున్న సూక్ష్మజీవే దీనికి కారణమని అనసూయ నమ్మింది. సూక్ష్మజీవులను వెతికి పట్టుకుని తినేసే వైరస్‌లు కొన్ని ఉంటాయి, వాటిని ఫేజ్‌లు అంటారు. వాటిని పెంచి, మచ్చిక చేసి, మందుగా మార్చింది. ఆ మందు మనుషులకు ఏ హానీ చెయ్యదని పరీక్షల్లో తేలింది. వాపును తగ్గించదని కూడా తేలింది.

ఆ రోజుల్లో వకుళ ఆమె దగ్గర విద్యార్థిని. ఒక సాయంత్రం టీ తాగుతూ, "మేడమ్, దొంగ ఎప్పుడో పారిపోయాడేమో. మనం ఖాళీ ఇంట్లో వెతుకుతున్నామేమో. కుక్క ఒక్కటే ఇంకా మొరుగుతోంది. దాన్ని ఊరుకోబెడితే చాలేమో," అంది.

అనసూయ నవ్వేసింది. ఆ మాటే తర్వాత శమని అయింది.

వాపు తగ్గించే మాత్రలు కొత్తవి కావు. కానీ మింగిన మాత్ర ఒళ్ళంతా తిరుగుతుంది, కడుపులో పుండు పెడుతుంది, ఆపగానే వాపు మళ్ళీ లేస్తుంది. వకుళ వేరే దారి పట్టింది. మన ఒంట్లో అపకారం చెయ్యకుండా బతికే ఒక సూక్ష్మజీవిని తీసుకుని దానికి రెండు విద్యలు నేర్పింది. ఒకటి, వాపును పసిగట్టడం. రెండు, పసిగట్టిన చోటే వాపు మందును స్రవించడం. ఒక్కసారి గర్భాశయంలో వదిలితే చాలు, అవి లోపొరలో కాపురం పెడతాయి. వాపు లేస్తే పెరుగుతాయి, అణిగితే నిద్రపోతాయి. ఏళ్ళ తరబడి గర్భం నిలవని ఆడవాళ్ళకు శమని ఇస్తే, చాలామందికి మొదటి ప్రయత్నంలోనే నిలిచింది. ఇంకా ఎవరికీ నెలలు నిండకముందే సోమయాజులు గారు సన్మానం పెట్టించేశారు.

అలా గర్భం నిలిచినవాళ్ళలో అనసూయ చెల్లెలు హిమజ ఒకతె.

*

హిమజకు పదేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటినుంచి అనసూయే ఆమెకు జడ వేసింది, బడికి పంపింది, పెళ్ళి చేసింది. తాను మాత్రం చేసుకోలేదు. హిమజకు మూడుసార్లు గర్భం పోయినప్పుడు మూడుసార్లూ పక్కన కూర్చుంది. తన ఫేజ్ మందు తన చేతులతోనే ఇచ్చింది. అది పనిచెయ్యలేదు. ఆ తర్వాత హిమజ అక్కకు చెప్పకుండా వకుళ దగ్గరికి వెళ్ళింది. ఆ సంగతి కూడా ఆమె చెప్పలేదు, ఆమె భర్త కిశోర్ ఫోన్‌లో నోరు జారాడు. "వకుళ గారి దగ్గరికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ నడుం నొప్పి లేదంటోంది వదినా," అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు.

సీమంతం మల్కాపురంలో, హిమజ ఇంట్లో జరిగింది. అనసూయ తెల్లారే వెళ్ళి పులిహోర కలిపింది, పూలు కట్టింది. పేరంటాళ్ళందరూ వచ్చాక ఒక పెద్దావిడ, "ముందు తల్లి లాంటిది గాజులు తొడగాలమ్మా," అంది. అనసూయ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చేసరికి హిమజ గుమ్మం వైపు చూసింది, ఆమె ముఖమంతా నవ్వయింది.

"వకుళక్కా! మీకోసమే చూస్తున్నా. మీరే ముందు వెయ్యాలి."

వకుళ ఇబ్బందిగా అనసూయ వైపు చూసింది. "మేడమ్ ఉండగా నేనేంటి హిమా."

"అక్క ఏమీ అనుకోదు. కదక్కా?"

"వెయ్యి వకుళా," అంది అనసూయ. "నీ పుణ్యమే కదా."

వకుళ వేళ్ళు సన్నగా, చురుగ్గా ఉంటాయి. ప్రయోగశాలలో ఆ వేళ్ళను మెచ్చుకున్నది మొదట అనసూయే. ఇప్పుడవి హిమజ చేతికి ఎర్ర గాజులు ఎక్కిస్తున్నాయి, ఒక్కటీ చిట్లలేదు. ఆ తర్వాత అనసూయ వేసిన వాటిలో ఒకటి పుటుక్కుమని విరిగింది. "ఫరవాలేదు, దిష్టి పోయింది," అని ఎవరో అన్నారు. హిమజ నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు అనసూయ ఎన్నో ఏళ్ళుగా చూడలేదు. అది తనవల్ల రాలేదన్న ఒక్క ఆలోచన పంటి కింద రాయిలా రోజంతా నలుగుతూనే ఉంది.

తిరిగి వస్తూ ఆటోలో, తను కోరుకుంటున్నదేమిటో తనకే అర్థమై గతుక్కుమంది. చెల్లెలికి బిడ్డ పుట్టాలి. అది నిజమే. కానీ ఆ బిడ్డ వకుళ ఇచ్చింది కాకుండా ఉంటే బాగుండును.

*

ఫేజ్ పని మూతబడ్డాక అనసూయకు మిగిలింది మేకల పాక. శమనిని మొదట పరీక్షించింది ఆ మేకల మీదే. అవి చూలు కట్టాయి, చక్కగా ఈనాయి. పరీక్ష ముగిసింది, అందరూ మేకల్ని మర్చిపోయారు. వాటి ఆరోగ్యం గమనిస్తూ ఉండమని అనసూయకు అప్పగించారు. అది గౌరవంగా పక్కన పెట్టడమేనని ఆమెకు తెలుసు.

బొల్లి అనే మేక రెండోసారి చూలు కట్టింది. ఈనే రోజులు వచ్చాయి, దాటాయి. పొదుగు దిగింది గానీ మేక నొప్పులు పడలేదు. గడ్డి నములుతూ తాపీగా కూర్చుంది. కాపరి అప్పలనాయుడు రెండుసార్లు వచ్చి చూసి, "ఇదేటమ్మా, దీనికి ఈనాలనే లేనట్టుంది," అన్నాడు. పశువుల డాక్టరును పిలిపించేసరికి లోపల పిల్లలు కదలడం మానేశాయి. ఆయన కోసి, చచ్చిన పిల్లల్ని బయటికి తీశాడు. ఆ తర్వాత గర్భసంచి ముడుచుకోవాలి. ముడుచుకోలేదు. తడిసిన గోనెసంచిలా చేతుల్లో వేలాడింది. రక్తం ఆగలేదు. ఇంజెక్షన్లు ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చారు. మేక అరవను కూడా అరవకుండా చచ్చిపోయింది.

అనసూయ ఆ గర్భసంచి ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టింది. లోపలంతా శమని కణాలే, నేల ఈనినట్టు.

ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నెలలు నిండాక గర్భసంచి తనకు తానే ఒక మంట రాజేసుకుంటుంది. అన్నాళ్ళూ మెత్తగా ఉన్న కండరం వాచి, వేడెక్కి, ఆ ఊపుతోనే బిడ్డను బయటికి నెడుతుంది. నెట్టాక అదే ఊపులో బిగుసుకుని తెగిన రక్తనాళాలను నొక్కేస్తుంది. ఆ వాపు లేకపోతే పురుడే లేదు. పాపం శమనికి రోగమేదో పురుడేదో ఏం తెలుసు? వాపు వాసన తగలగానే ఆర్పేసింది. మొదటి ఈతకు లోపల కణాలు కొద్దిగా ఉన్నాయి కాబట్టి మేకలు గట్టెక్కాయి. రెండో ఈత నాటికి లెక్కలేనన్ని అయ్యాయి. మేక మోసేది ఐదు నెలలు. మనిషి మోసేది తొమ్మిది. మేకల్లో రెండు ఈతలకు పెరిగినన్ని కణాలు మనిషిలో ఒక్క కాన్పుకే పెరిగిపోతాయి.

ఆమెకు మొదట కలిగింది సంతోషం.

చేతులు కడుక్కుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. వకుళ తప్పు చేసింది. అంత తెలివైన వకుళ, దండలు వేయించుకున్న వకుళ, ఇంత పెద్ద విషయం చూడలేకపోయింది. చూసింది తను. ఆ సంతోషంతోనే సబ్బు నురగ మోచేతుల దాకా పూసుకుంది. అప్పుడు హిమజ గుర్తొచ్చింది. హిమజకు ఎనిమిదో నెల వెళ్తోంది.

కుళాయి కట్టెయ్యకుండానే ఆమె వరండాలోకి పరిగెత్తింది.

*

"ఒక్క మేక," అన్నారు సోమయాజులు గారు. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అది మరీ బాధించింది. "ఒక్క మేకను పట్టుకుని దేశమంతా చూస్తున్న మందును ఆపమంటే ఎలాగమ్మా? మీరు కొన్నాళ్ళు సెలవు పెట్టకూడదూ?"

వకుళ గది ఒకప్పుడు అనసూయది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. అనసూయ తెచ్చిన కణాల ఫొటోలన్నీ వకుళ చూసింది, ఓపికగా విన్నది.

"అది ముసలి మేక మేడమ్. లోపల ఇంకేదో జబ్బు ఉండొచ్చు కదా."

"కణాలు చూడు వకుళా. ఎన్ని ఉన్నాయో చూడు."

"చూశాను." వకుళ ఫొటోలు తిరిగి ఇచ్చేసింది. "మేడమ్, ఒక మాట అంటాను, తప్పుగా తీసుకోకండి. శమని మొదలైన రోజునుంచీ మీరు నా తప్పు కోసం ఎదురుచూస్తున్నారు. నాకు తెలుసు. ఇక్కడ అందరికీ తెలుసు."

"అవును, చూస్తున్నాను. దొరికింది."

"అదే. వెతికినవాళ్ళకి ఏదో ఒకటి దొరుకుతుంది."

అనసూయ బయటికి వచ్చేసింది. ఆ మాట తనను వదల్లేదు. పోనీ వకుళ అన్నదే నిజమేమో? తన కళ్ళు తనకు కావలసిందే చూస్తున్నాయేమో? తిరిగి వెళ్ళి ఆ ముక్కను మళ్ళీ చూసింది. ఇంకో ముక్క కోసి చూసింది. ఎన్నిసార్లు చూసినా అవే కణాలు. అయినా గుండె కుదుటపడలేదు. అసూయ లేని మనిషి ఇదే చూసి ఉంటే, ఇప్పటికి అందరూ నమ్మేవారు.

శమని తీసుకున్న వాళ్ళందరికీ కాన్పులు చెయ్యాల్సింది డాక్టర్ రజియా బేగం. మాటల్లో పొదుపు, పనిలో పట్టుదల ఉన్న మనిషి. అనసూయ ఆమె దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది. రజియా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"వకుళకీ మీకూ పడదని విన్నాను."

"నిజమే విన్నారు."

"అయితే నేనేం నమ్మాలి?"

"నన్ను నమ్మక్కర్లేదు. ఆపరేషన్ టేబుల్ మీదికి ఎవరు వచ్చినా రక్తం సిద్ధంగా పెట్టుకోండి. అంతే."

రజియా కళ్ళద్దాలు పెట్టుకుని తర్వాతి పేషెంటును పిలిచింది.

*

హిమజ మంచం మీద కాళ్ళు చాపుకుని ఉసిరికాయ ముక్కలు తింటోంది. అక్క చెప్పిందంతా విన్నాక గిన్నె పక్కన పెట్టింది.

"వకుళక్క ఫోన్ చేసింది. నువ్వొస్తావని చెప్పింది."

"ఏం చెప్పింది?"

"భయపడొద్దంది. నిన్నేమీ అనొద్దని కూడా అంది." హిమజ కళ్ళు నిండాయి. "ఎందుకక్కా ఇలా చేస్తున్నావు? మూడుసార్లు నా కడుపు ఖాళీ అయింది. నీ మందు కూడా వేసుకున్నాను. ఇన్నాళ్ళకి ఒక్కటి నిలిస్తే చూడలేకపోతున్నావా? నీకు కుళ్ళక్కా. ఆవిడంటే కుళ్ళు. ఆవిణ్ణి నేను అక్కా అంటే కుళ్ళు."

పక్కగదిలోంచి కిశోర్, "హిమా, అదేం మాట!" అంటూ వచ్చాడు.

"ఉండు కిశోర్, అననీ," అంది అనసూయ. ఆమె మంచం అంచున కూర్చుంది. "అవునే. కుళ్ళే. దాని బుర్ర చూస్తే కుళ్ళు. నా గదిలో కూర్చుంటే కుళ్ళు. నీ చేతికి గాజులు వేసినరోజు ఆ చెయ్యి విరిచెయ్యాలనిపించింది. నువ్వు అక్కా అని పిలిస్తే అది పలుకుతుంది చూడు, అప్పుడు నా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అన్నీ నిజమే. అయినా మేక చచ్చింది హిమా. నాకు కుళ్ళు లేకపోయినా చచ్చేది."

హిమజ గోడవైపు తిరిగి పడుకుంది. "వెళ్ళిపో అక్కా," అంది.

అనసూయ వెళ్ళిపోయింది.

*

పలాస నుంచి వచ్చిన నాగమణి శమని తీసుకున్న మొదటి వరసలోది. జీడిపప్పు పరిశ్రమలో పనిచేస్తుంది, పెళ్ళయి పన్నెండేళ్ళకు కడుపు పండింది. ఆమెకు నెలలు నిండి వారం దాటినా నొప్పులు రాలేదు. సూదిమందు ఎక్కించినా రాలేదు. రజియా ఆపరేషన్ చేసింది. మగపిల్లాడు, నిక్షేపంగా ఏడ్చాడు.

ఆ తర్వాత గర్భసంచి ముడుచుకోలేదు.

రజియా రెండు చేతులతో పిసికింది. ఉన్న ఇంజెక్షన్లన్నీ ఇచ్చింది. చేతుల కింద కండరం చల్లగా, మెత్తగా, ఏమీ పట్టనట్టు ఉండిపోయింది. ఎందుకైనా మంచిదని ముందే తెప్పించి పెట్టుకున్న రక్తం ఎక్కిస్తూనే ఉన్నారు. చివరికి నాగమణి ప్రాణం దక్కడానికి ఆమె గర్భసంచి తీసేశారు.

మర్నాడు పొద్దున వకుళ మేకల పాకకు వచ్చింది. ఆపరేషన్ థియేటర్‌లో తనూ ఉన్నట్టుంది, ముఖం పాలిపోయి ఉంది. తవుడు బస్తా మీద కూలబడింది. చీర అంచు పెంటలో పడింది, చూసుకోలేదు.

"చేత్తో పట్టుకున్నాను మేడమ్," అంది. "అదసలు మనిషి ఒంట్లో భాగంలా లేదు. నేను చేశాను కదా అది."

వకుళ ఇలా కూర్చుని ఉండడం అనసూయ ఎన్నోసార్లు ఊహించుకుంది. ఆ ఊహలో తను అనాల్సిన మాటలు కూడా సిద్ధంగా ఉండేవి. ఇప్పుడు అవి నాలిక చివరిదాకా వచ్చాయి. వాటి రుచి బాగుంది, కాదనలేదు. కానీ పలాస మనిషి ఎలా ఉందోనన్న ఆలోచన అడ్డం వచ్చి, "నాగమణి లేచిందా?" అని అడిగింది.

"లేచింది. పిల్లాడికి పాలిస్తోంది. ఆవిడకి ఇంకా చెప్పలేదు." వకుళ తలెత్తింది. "మిగిలినవాళ్ళ సంగతేంటి? హిమ సంగతేంటి? ముందే ఆపరేషన్ చేసినా ఇదే కదా జరుగుతుంది. ఆ కణాలు చావాలి. వాటిని మామూలు మందులేవీ చంపలేవు. చంపలేకుండా నేనే చేశాను."

"నా ఫేజ్‌లు చంపుతాయి," అంది అనసూయ.

పాకలో మేకలు అరుస్తున్నాయి. వకుళ ఆమె వైపు అలాగే చూస్తోంది.

"నీ కణం పైపెంకు ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలిస్తే దానికి సరిపోయే ఫేజ్‌ను పెంచగలను. ఆ వివరం నువ్వెవరికీ ఇవ్వలేదు."

"ఇస్తాను."

"ఇస్తే శమని పని అయిపోతుంది వకుళా. ఎవరైనా దాన్ని చంపెయ్యొచ్చు."

"పదండి మేడమ్," అంటూ వకుళ లేచింది.

*

ఇద్దరూ మళ్ళీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. సోమయాజులు గారు శమనిని ఆపారు, అనుమతుల కోసం ఢిల్లీకి ఫోన్లు చేశారు. అనసూయ ఫేజ్ మందు మనుషులకు హాని చెయ్యదని ఎప్పుడో తేలి ఉండడం ఇప్పుడు అక్కరకొచ్చింది.

కలిసి పనిచేసినంత మాత్రాన అసూయ ఎక్కడికీ పోలేదు. అనసూయ రెండు రోజులు కుస్తీ పట్టిన చిక్కును వకుళ ఒక్క మధ్యాహ్నం, అదీ అన్నం తింటూ విప్పేసింది. అనసూయకు కడుపులో మండింది. "బాగుంది," అంది. ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో వకుళకు తెలియదు. లేదా తెలుసేమో, ఎందుకంటే ఆ తర్వాత ఫేజ్‌లు పళ్ళెంలో శమని కణాలను తినేసి అద్దంలా శుభ్రం చేసిన రోజు, వకుళ చాలాసేపు ఆ పళ్ళాన్ని చూసి, "నాకు ఈ పని ఎప్పటికీ రాదు మేడమ్. మీ దగ్గర ఉన్నప్పుడు కూడా రాలేదు. అందుకే వేరే దారి పట్టాను," అంది. అనసూయ ఆమె ముఖం వైపు చూసింది. తన ముఖంలో ఎప్పుడూ ఏముంటుందో అదే అక్కడ కనిపించింది.

రెండోసారి చూలు కట్టిన ఇంకో మేకకు ఆ మందు ఇచ్చారు. అప్పలనాయుడు పొద్దున్నే ఫోన్ చేసి, "అమ్మగోరూ, ఈనేసిందమ్మా! రెండు పిల్లలు. తల్లి గడ్డి మేస్తంది," అని అరిచాడు.

హిమజను ఆస్పత్రిలో చేర్చారు. రజియా, అనసూయ, వకుళ ముగ్గురూ ఆమె మంచం చుట్టూ నిలబడ్డారు. రజియా దాపరికం లేకుండా చెప్పింది. ఫేజ్ ఇస్తే శమని చస్తుంది. పురుడు దానంతట అది రావచ్చు, కాస్త ముందే రావచ్చు. కానీ పాత వాపు తిరిగొస్తుంది. మళ్ళీ గర్భం నిలవకపోవచ్చు. ఇవ్వకపోతే నాగమణికి జరిగిందే జరగొచ్చు.

హిమజ అక్క వైపు చూడలేదు. "వకుళక్కా, మీరు చెప్పండి. వేసుకోమంటారా?"

అనసూయ కిటికీవైపు తిరిగింది. అంత జరిగాక కూడా, ఇప్పుడు కూడా.

"నా మందు నిన్ను చంపేది హిమా," అంది వకుళ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఆ సంగతి మీ అక్క చెబితే నేను వినలేదు. నిన్ను కూడా విననివ్వలేదు. ఇది మీ అక్క మందు. ఆవిణ్ణి అడుగు."

హిమజ అక్క వైపు తిరిగింది. తర్వాత చెయ్యి చాచింది. "వెయ్యక్కా," అంది.

నొప్పులు మూడోరోజు మొదలయ్యాయి. మొదటి నొప్పి వచ్చినప్పుడు హిమజ కెవ్వుమంది, పక్కనున్న రజియా, అనసూయ, వకుళల ముఖాలు వెలిగిపోయాయి. నర్సు బిత్తరపోయింది. ఒక మనిషి నొప్పితో అరుస్తుంటే డాక్టర్లు నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు. హిమజ అనసూయ మణికట్టు గోళ్ళు దిగేలా పట్టుకుంది, తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. పొద్దు వాలే వేళకు ఆడపిల్ల పుట్టింది.

ఆ వెంటనే రక్తం పోయింది. రజియా పొట్ట మీద చెయ్యివేసి నొక్కుతోంది. వకుళ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. అనసూయ రజియా చేతుల్నే చూస్తోంది.

"గట్టిపడుతోంది," అంది రజియా. ఇంకాసేపు పట్టుకుంది. "ఆఁ. రాయిలా అయింది."

*

మిగిలిన ఆడవాళ్ళందరికీ ఫేజ్ మందు అందింది. ఒకరిద్దరికి బిడ్డలు నెల ముందే పుట్టారు, బతికారు. హిమజ పాత వాపు తిరిగొచ్చింది. నడుం నొప్పి పట్టుకున్నప్పుడు మాట్లాడకుండా పడుకుంటుంది, పిల్లను పక్కన వేసుకుంటే లేస్తుంది. ఇంకో బిడ్డ ఆశ ఆమె వదిలేసుకుంది. అక్కతో మాట్లాడుతుంది. ఆరోజు అన్న మాటలు ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

పత్రికలు వకుళ మీద దుమ్మెత్తిపోశాయి. దండలు వేసినవాళ్ళే ముందుగా రాళ్ళు వేశారు. ఆమె సముద్రం కనిపించే గది ఖాళీ చేసి, సామాన్ల గది పక్కనున్న చిన్న గదిలోకి మారింది. ఎవరొచ్చినా తలుపు తియ్యడం లేదు. పెద్ద గదిని తీసుకోమని సోమయాజులు గారు అనసూయను అడిగారు. ఆమె తీసుకుంది. అందులో కూర్చుంటే బాగానే ఉంది.

ఒక రోజు ఆ గది గుమ్మంలో ఒకావిడ చంకలో పిల్లాడితో నిలబడింది. నీరసంగా ఉంది, కొత్తచీర కట్టుకుంది. చేతిలో జీడిపప్పు పొట్లం ఉంది.

"వకుళమ్మగోరున్నారేటండి?"

అనసూయ లేచి నిలబడింది. ఆమెను ఎప్పుడూ చూడకపోయినా ఎవరో తెలిసిపోయింది. "నువ్వు నాగమణివా?"

"అవునండి. పలాస నించి వచ్చినామండి. అమ్మగోర్ని చూసి ఎల్దామని."

"కూర్చోమ్మా. ఒంట్లో ఎలా ఉంది?"

"బాగుందండి." నాగమణి కూర్చోలేదు. పిల్లాణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "అందరూ ఆవిడ్ని తిడతన్నారంట. మా ఊర్లో కూడా అన్నారు, కేసెట్టవే అని. నా సంచి పోయిందండి, నిజమే. ఏడిసినాను. కానీ పన్నెండేళ్ళు ఈ ఒడి ఖాళీగా ఉందండి. ఎవులిచ్చినారు దీన్ని? ఆ అమ్మే కదా. బాబుకి పేరు ఆవిడ చేతే పెట్టించాలని మొక్కుకున్నాను."

పిల్లాడు అనసూయ కళ్ళద్దాల వైపు చెయ్యి చాచాడు. పుష్టిగా, నల్లగా, నిగనిగలాడుతున్నాడు.

అనసూయ వంగి ఆ చెయ్యి పట్టుకుంది. రక్తం సిద్ధంగా పెట్టించింది తను. ఈ మనిషి ఇవాళ ఇలా నిలబడి మాట్లాడుతోందంటే తన వల్ల. అది ఈమెకు తెలియదు, ఎవరూ చెప్పి ఉండరు. ఒక్క మాట చెబితే చాలు.

"మీరెవులండి?" అని అడిగింది నాగమణి.

"నేనిక్కడే పనిచేస్తానమ్మా," అంది అనసూయ. "కూర్చో, తీసుకొస్తాను."

వరండా చివరిదాకా నడిచి, సామాన్ల గది పక్కనున్న తలుపు తట్టింది. లోపలినుంచి జవాబు లేదు. మళ్ళీ తట్టింది. ఆ తర్వాత అరచేత్తో బాదింది.

"వకుళా, నేనే. లే. ముఖం కడుక్కుని రా. నీ కోసం ఎవరో వచ్చారు."

"ఎవరినీ చూడను మేడమ్."

"చూస్తావు," అంది అనసూయ. "నన్ను చూడ్డానికి ఎవరూ రాలేదు. నిన్ను చూడ్డానికి వచ్చారు. తలుపు తియ్యి."

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. గడియ తీసేదాకా అనసూయ అక్కడే నిలబడింది.